పనాగోస్ కుడిచెయ్యి

పెత్రోవూని
22 ఏప్రిల్ 1969

గరుఫల్యా,

ముందు కూర్చో. కూర్చున్నాక చదువు. మీ ఆయన ఇంట్లో ఉంటే వంటింట్లోకి పోయి చదువు. ఈ ఉత్తరం తపాలాలో వెయ్యడం లేదు. పోస్టు సంచి ముందు పోలీసు స్టేషన్లో దిగి, ఆ తర్వాతే మిగతా ఇళ్ళకి పోతుందని ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. మేకల బేరగాడు లంబిస్ రేపు పట్నం వస్తున్నాడు, వాడి చేతికిస్తున్నాను.

నిన్న మీ అన్నయ్య ఎముకలు గుంటలోంచి పైకి తీశాం. పాతిపెట్టి అయిదేళ్ళయింది, ఇక తియ్యొచ్చు, ఆ గుంట ఇంకొకరికి కావాలి అన్నారు పాదిరిగారు. నువ్వు రాలేనన్నావు. సరేలే, పట్నంలో ఎవరికో పెళ్ళి బట్టలు కుట్టాలిగా, నేనేమీ అనడం లేదు. నేనూ, తవ్వడానికి వసీలో ముసలమ్మా, అంతే.

తల ముందు వచ్చింది. ఒళ్ళో పెట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. ద్రాక్షసారాతో కడిగితే తేనెమైనంలా పచ్చగా తేలింది. "పచ్చటి ఎముకలు, పుణ్యాత్ముడే నీ మొగుడు" అంది వసీలో. నాకు ఏడుపూ వచ్చింది, ప్రాణమూ కుదుటపడింది. మీ ఆయన ఇస్తే పాతిపెట్టేటప్పుడు తొడిగిన ఆ వదులు కోటు మట్టిలో నాని ముద్దలా వచ్చింది. కోటు ఎడమచెయ్యి పార తగిలి చిరిగింది. ఎండాక తగలబెడదామని వసీలో దాన్ని గోడవార రాళ్ళ కింద తోసేసింది. ఎడమచేతి ఎముకలన్నీ వచ్చాయి, గోళ్ళంత ముక్కలతో సహా. కుడిచేతివి రాలేదు.

మట్టంతా జల్లెడ పట్టాం. రాలేదు. చెయ్యి ఉండాల్సిన చోట, పక్కటెముకల కింద, వసీలో పార ఠంగుమంది. తీస్తే చెయ్యి. తెల్లటి చెయ్యి. మణికట్టు నుంచి వేళ్ళ దాకా, నిలువెత్తు మగాడి చెయ్యంత. పాలరాయి. అరచెయ్యి బల్లపరుపుగా, దేనిమీదో ఆనించినట్టు ఉంది. వసీలో పార వదిలేసి శిలువ గుర్తు వేసుకుంది. "ఒసే స్తమాతా, చెయ్యి రాయైపోయిందే!" అంది. "నోర్ముయ్, అది పాతకాలం బొమ్మల చెయ్యి" అన్నాను. అన్నాను గానీ, చేతికి గుడ్డ చుట్టుకుని గాని దాన్ని ముట్టుకోలేదు.

ఆ చెయ్యి దేనిమీద ఆనించాడో నీకు నేను గుర్తు చెయ్యక్కర్లేదు. దేశంలో అన్నదమ్ములే ఒకరినొకరు చంపుకున్న ఆ అంతర్యుద్ధం చలికాలం, గుళ్ళో ఊరంతా నిలబడి ఉండగా, సైన్యం కెప్టెను ఎదుట సువార్త పుస్తకం మీద కుడిచెయ్యి పెట్టి, "మా చెల్లెలు ఆ రాత్రి జ్వరంతో ఇంట్లోనే పడుకుంది" అని ఒట్టేశాడు. నువ్వు కొండమీద దాక్కున్న తిరుగుబాటువాళ్ళకి రొట్టెలు మోశావని ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు. అబద్ధపు ఒట్టేసిన చెయ్యి మట్టిలో కలవదంటారు. నాకు పెళ్ళయిన కొత్తల్నించీ ఇదే భయం.

ఎముకల పెట్టె ఇంట్లో దేవుడి పటాల కింద పెట్టాను. చెయ్యి లేకుండా దాన్ని, ఊళ్ళో అందరి పెట్టెలూ ఉండే ఎముకల గదికి ఎలా పంపను? ఆ రాయిని మాత్రం ఇంట్లో ఉంచుకోలేను. గురువారం బస్సులో చీజు డబ్బా వస్తుంది. అడుగున అది ఉంటుంది. ఎవరి ముందూ తెరవకు.

మీ వదిన
స్తమాతా


పట్నం
28 ఏప్రిల్

వదినా,

నీ లంబిస్‌ని ఆ దేవుడే చూసుకోవాలి! దారిలో ఎవరిదో పెళ్ళి తగిలిందట, తాగి పడిపోయాడట. నీ ఉత్తరం ఈ పొద్దున తెచ్చి ఇచ్చాడు, దానిమీద సారా మరక. డబ్బా మాత్రం గురువారమే దిగింది.

ఏం జరిగిందో విను. శనివారం పొలిక్సేని వచ్చింది, గౌను కొలతలకి. ఎవరనుకున్నావ్, ఇక్కడి పోలీసు సార్జెంటు పెళ్ళాం. "మా వదిన ఊరి నుంచి చీజు పంపింది, రుచి చూద్దురుగాని" అని గొప్పగా వంటింట్లోకి వెళ్ళి, డబ్బా మూత తీసి ఉప్పునీళ్ళలో చెయ్యి పెట్టాను. నా చేతికి ఇంకో చెయ్యి తగిలింది.

పై ప్రాణాలు పైనే పోయాయి వదినా. అరిచానో లేదో నాకే తెలీదు. "ఏమైందండీ?" అంటూ ఆవిడ లేచి వస్తున్న చప్పుడు. "ఏం లేదండీ, ఉప్పు కాస్త ఎక్కువైంది" అని మూత వేసి, డబ్బా మీద కూర్చున్నాను. ఆ మహాతల్లి గుమ్మంలో నిలబడి వాళ్ళ చెల్లెలి పెళ్ళి మొదట్నించీ చివరిదాకా చెప్పింది. ఎంత మంది వచ్చారు, ఎవరు అలిగారు, అన్నీ. నేను లేవలేదు. చెమటకి నా రవిక తడిసి ముద్దయింది. "మీకు జ్వరమా?" అని కూడా అడిగింది.

నీ ఉత్తరం రాకముందు ఆ రెండు రోజులూ నేనేం అనుకున్నానో తెలుసా? కక్షకొద్దీ పంపావనుకున్నాను. నన్ను చంపడానికి ఇంతకన్నా మంచి మార్గం లేదు అనుకున్నాను. ఉత్తరం చదివాక, అనుకున్నదాంట్లో తప్పేమీ లేదనిపించింది.

పెళ్ళి బట్టల కోసం రాలేదంటావా? ఆ కోటు చేతులు అన్నయ్యకి పొడుగై వేళ్ళు దాటి వేలాడుతుంటే, ఆయన పక్కన నేలమీద కూర్చుని, వేళ్ళు లోపలే ఉండేలా ఎవరు మడిచి కుట్టారు? నువ్వా? ఇంట్లో దారం దొరక్క, చెప్పులు కుట్టే మైనపుదారంతో, కన్నీళ్ళలో సూది కనపడక వేళ్ళు పొడుచుకుంటూ నేను కుట్టాను. నేను రాకపోయింది ఆ చెయ్యి చూసే ధైర్యం లేక. నీకొక్కదానికే భయం అనుకోకు. నాకు ఇరవై ఏళ్ళుగా ఉంది. నేను బతికి ఉన్నది ఆ చేతి మీద.

మా ఆయనకి చెప్పాను. "ఏట్లో పారెయ్" అన్నాడు, పేపరు మడవకుండానే. సంచిలో వేసుకుని వంతెన దాకా పోయాను. అన్నయ్య చెయ్యి నేనెలా పారేస్తాను? తిరిగొచ్చాను.

ఒకటి తోచింది. మా వీధి చివర మ్యూజియం ఉంది. పాతకాలం బొమ్మలన్నీ అక్కడే. వెళ్ళి చూస్తాను. ఈ చేతి మనిషి అక్కడెవడైనా ఉంటే, ఇది వాడిది, అన్నయ్యది కాదు అని తేలిపోతుంది కదా!

నీ ఆడపడుచు, డబ్బా మీద కూర్చున్నది,
గరుఫల్యా

చీజు బాగుంది. నేను తినలేకపోయాను. మా ఆయన తింటున్నాడు.


పెత్రోవూని
3 మే

గరుఫల్యా,

నీకు మతిపోయిందా? మ్యూజియం ఎవరిది? ప్రభుత్వానిది. ప్రభుత్వం ఇప్పుడెవరిది? ఆ సైన్యంవాళ్ళ సంగతి ఇంకేమీ రాయను. నువ్వు వాళ్ళ గుమ్మంలోకి నీ కాళ్ళతో నువ్వే నడిచిపోతానంటావా?

మన పక్క ఊరి స్తేలియోకి నాగటి చాలులో రాతి సింహం దొరికింది, గుర్తుందా? గొర్రెల కొట్టం గుమ్మంలో పెట్టుకున్నాడు, ముద్దుగా ఉందని. ఎవడో పోయి చెప్పాడు. వాణ్ణి తీసుకెళ్ళారు. పొలం చుట్టూ ముళ్ళకంచె వేశారు, ఇప్పటికీ ఒక గింజ వెయ్యనివ్వలేదు. అది పొలం. మనది శ్మశానం. ఆ రాయి ఎక్కడ దొరికిందో తెలిస్తే, కోట్లు వేసుకున్న తవ్వకాలవాళ్ళు బ్రష్షులు పట్టుకుని వస్తారు. మా అమ్మ, మీ అమ్మ, ఊళ్ళో అందరి అమ్మలూ పైకి వస్తారు. రేపు మన వాళ్ళెవరైనా పోతే పాతిపెట్టుకోడానికి చోటుండదు. ఊరంతా నా మొహాన ఉమ్మేస్తుంది. "పనాగోస్ పెళ్ళాం చేసింది" అంటారు. మీ అన్నయ్య పేరు ఎత్తేవాడుండడు.

పాదిరిగారు ఆదివారం ప్రార్థన అయ్యాక ఆపారు. "ఏమ్మా, పెట్టె ఇంకా తేలేదు?" అన్నారు. "ఇంకోసారి కడుగుతున్నానండీ" అన్నాను. "ఎన్నిసార్లు కడుగుతావు, ఎముకలా, గిన్నెలా?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వసీలో నోటికి తాళం వెయ్యడానికి రోజూ దానికి గుడ్లు మోస్తున్నాను. కోళ్ళు నాకోసం గుడ్లు పెట్టడం ఎప్పుడో మానేశాయి.

పెట్టె ఉన్న గదిలోకి దీపం వెలిగించడానికి తప్ప పోవడం లేదు. దీపం పెడుతూ, "ఎక్కడ పెట్టావయ్యా నీ చెయ్యి?" అని అడుగుతున్నాను. బతికున్నప్పుడు సుత్తి ఎక్కడ పెట్టావని అడిగితే ఎలా పలికేవాడు కాదో, ఇప్పుడూ అంతే.

నువ్వు కుట్టావు, నిజమే. ఆ మాట నేను మర్చిపోలేదు. కానీ ఒట్టు కూడా ఆయన నీకోసమే వేశాడు. అది కూడా మర్చిపోలేను. నాకు మొగుడు ఒక్కడే.

ఆ రాయిని తిరిగి పంపెయ్. మళ్ళీ గుంటలో పెట్టేస్తాను. మ్యూజియం గుమ్మం తొక్కావో, మన మధ్య మాటలు లేవు.

స్తమాతా


పట్నం
9 మే

వదినా,

నీ ఉత్తరం వచ్చేసరికే తొక్కేశాను. తిట్టు, పడతాను.

చెయ్యి ఇంట్లోనే పెట్టి వెళ్ళాను, భయపడకు. దాని మణికట్టు విరిగిన చోట కాగితం పెట్టి, చొక్కా చేతికి కత్తిరించినట్టు నమూనా కత్తిరించుకున్నాను. కాగితం పర్సులో, టేపు మెడలో. టేపు మెడలో ఉందని గుమ్మం దాటాక గాని చూసుకోలేదు. అక్కడి కాపలాదారు కోస్మాస్ అని పెద్దాయన, మీసాలాయన. నన్ను చూసి, "రా తల్లీ, వీళ్ళకి బట్టలు కుట్టడానికొచ్చావా? కుట్టు, కుట్టు, పుణ్యం ఉంటుంది. అందరూ అలాగే నిలబడి ఉన్నారు పాపం" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీక ఏదో శబ్దం చేశాను.

లోపల కుడిచెయ్యి లేనివాణ్ణి వెతుక్కుందామనుకున్నాను. వదినా, అక్కడ ఒక్కడికీ చెయ్యి లేదు! ఒకడికి మోచేతి దాకా, ఒకడికి భుజం దాకా, ఒకామెకి రెండూ లేవు. ముక్కులు లేనివాళ్ళు, తలలే లేనివాళ్ళు. తల ఉన్నవాళ్ళకి కళ్ళల్లో గుడ్లు లేవు. ఆ ఖాళీ కళ్ళతో అందరూ నా పర్సు వైపే చూస్తున్నట్టుంది. చల్లగా, మన ఎముకల గదిలో ఉండే వాసనే అక్కడా ఉంది. ఎండాకాలం ముంగిట్లో నాకు పళ్ళు టకటకలాడాయి.

కోస్మాస్ అటు తిరిగినప్పుడల్లా ఒక్కొక్క మొండి చేతికీ కాగితం ఆనించి చూశాను. ఒకడికి పెద్దదైంది, ఒకడికి చిన్నదైంది. రోము రోజుల వాడట, దుప్పటి చుట్టుకున్న పెద్దమనిషి, చెయ్యి ముందుకు చాపి ఉన్నాడు, ఒట్టేస్తున్నవాడిలాగే. వీడే, వీడే అనుకున్నాను. కాగితం పెడితే సగం కూడా సరిపోలేదు. దీని మనిషి అక్కడ లేడు వదినా. అందరినీ చూశాను. బయటికొచ్చి మెట్లమీద కూర్చుండిపోయాను. దీనికి వేరే యజమాని లేడంటే, మరి ఇది ఎవరిదనుకోవాలి?

తిరిగి బస్సులో పంపమంటావు. బస్సుల్లో ఇప్పుడు డబ్బాలు కూడా తెరిపించి చూస్తున్నారని మా ఆయన అన్నాడు. ఇంట్లో ఉంచుకుందామంటే పొలిక్సేని గౌను ఇంకా అవలేదు, రోజు విడిచి రోజు వస్తోంది. అందుకని ఒకటి నిశ్చయించుకున్నాను. ఆదివారం మ్యూజియంలో టిక్కెట్టు లేదు, జనం కిక్కిరిసి ఉంటారు. ఈ ఆదివారం కాదు, పై ఆదివారం, బుట్టలో పెట్టుకుపోయి, ఏ బొమ్మ వెనకో వదిలేసి వచ్చేస్తాను. అన్ని మొండి చేతుల మధ్య ఒక చెయ్యి ఎక్కువైతే ఎవరికి పట్టింది? అన్నయ్యదే అయినా, వీధిలో కాదు, నీడపట్టున ఉంటుంది.

నాకు మాత్రం నిద్ర లేదు. కత్తెర చేతిలో ఉండగానే కునుకు పట్టి, పొలిక్సేని గౌను భుజం వంకరగా కత్తిరించాను.

గరుఫల్యా


పెత్రోవూని
14 మే

గరుఫల్యా,

నన్ను పట్టిచ్చావు కదూ?

ఈ పొద్దున మన ఊరి సార్జెంటూ ఇద్దరు పోలీసులూ శ్మశానానికొచ్చారు. గోడ చుట్టూ అడుగులేసి కొలిచారు. ఒకడు పుస్తకంలో రాసుకున్నాడు. మన గుంట దగ్గర, ఇంకా మట్టి పచ్చిగా ఉన్నచోట ఆగి, సార్జెంటు బూటుకాలితో తొక్కి చూశాడు. నేను బావి దగ్గర నిలబడి ఉన్నాను, కుండ చేతిలోంచి జారిపోయింది. వాళ్ళు నావైపు చూశారు. "ఏమ్మా, భయపడ్డావా?" అన్నాడు ఒకడు, నవ్వుతూ. వాళ్ళు నవ్వితే ఇంకా భయం.

మ్యూజియం వద్దన్నాను. చెప్పానా లేదా? నువ్వు టేపు మెడలో వేసుకుని పోయి కాగితాలు పెట్టి కొలుస్తుంటే ఆ మీసాలవాడు చూసి ఊరుకుంటాడా? నీ ఊరేది, నీ పేరేది అని అడిగే ఉంటాడు. నువ్వు చెప్పే ఉంటావు. నీకు చిన్నప్పట్నించీ కడుపులో మాట ఆగదు. కొండమీదికి రొట్టెలు మోసిన మాట కూడా నువ్వు ఆపుకోలేకే కదా ఊరంతా తెలిసింది. అప్పుడు ఒట్టేసి కాపాడటానికి మీ అన్నయ్య ఉన్నాడు. ఇప్పుడు నాకు ఎవడున్నాడు?

సరే, రానీ. తీసుకెళ్తే తీసుకెళ్తారు. మేకని వసీలోకి ఇచ్చెయ్. నల్లకోడి పొదిగి ఉంది, కదిలించొద్దని చెప్పు. దేవుడి దగ్గర దీపానికి నూనె అటక మీద పచ్చ సీసాలో ఉంది. పెట్టె దగ్గర దీపం మాత్రం ఆరకూడదు. అది నువ్వు వచ్చి చూసుకో. వస్తావో రావో.

నేను ఎవరి పేరూ చెప్పను. నాకు దొరికింది, నేను దాచాను అంటాను. నీ పేరు ఈ ఇంట్లోంచి ఒకసారి బయటికి పోకుండా ఆపినవాడి పెళ్ళాన్ని నేను.

స్తమాతా


పట్నం
19 మే

వదినా, నా వదినా,

నీ ఉత్తరం శనివారం అందింది. మా అమ్మ మీద ఒట్టు, కళ్ళమీద ఒట్టు, నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. నా పేరు కూడా ఎవరూ అడగలేదు, శనివారం దాకా. ఆదివారం సంగతి వేరు. అంతా చెప్తాను, చివరిదాకా చదివి తిట్టు.

వాళ్ళు నీ దాకా వచ్చారంటే ఇక ఆ చెయ్యి నా ఇంట్లో ఒక్క పూట ఉండకూడదనుకున్నాను. నిన్న బుట్టలో అడుగున పెట్టి, పైన కొండ ఆకుకూర పరిచి వెళ్ళాను. కోస్మాస్ లోపలికి పోనిచ్చాడు. నా ఖర్మ, లోపల బడిపిల్లలు! ఒక్కో బొమ్మకీ పదిమంది. ఏ మూలకెళ్ళినా ఒక పిల్ల, "ఆంటీ, మీ బుట్టలో ఏముంది?" అని. దుప్పటి పెద్దమనిషి వెనక వంగి ఆకు పక్కకి తీశాను. ఇంతలో పంతులమ్మ వచ్చి ఆయన గురించి పాఠం మొదలెట్టింది. నా వల్ల కాలేదు. పెట్టలేదు. తిరిగి పట్టుకొచ్చేద్దామని గుమ్మం వైపు నడిచాను.

లోపలికి పోయేటప్పుడు చూడరు వదినా. బయటికొచ్చేటప్పుడు చూస్తారు. నాకు తట్టలేదు.

"ఆకుకూర బాగుందే, ఎక్కడ కోశావు?" అంటూ కోస్మాస్ బుట్టలో చెయ్యి పెట్టాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. మొహంలో రక్తం లేదు. నన్ను రెక్క పట్టుకుని తన గదిలోకి లాగి తలుపేశాడు. "ఎవరిది విరగ్గొట్టావే?" అన్నాడు. నాకన్నా ఆయనకే ఎక్కువ భయం. చెయ్యి పోతే ముందు ఉద్యోగం పోయేది ఆయనది. తలుపుకి తాళం వేసి, ఎవరి చెయ్యి పోయిందో చూడ్డానికి పరుగెత్తాడు.

ఆలోచించు. ఆ గదుల్లో ఎవరి చెయ్యి కొత్తగా పోయిందో చూడ్డం! ఆయన ఒక్కొక్కరి దగ్గర ఆగడం, గొణుక్కోవడం నాకు తలుపులోంచి వినపడుతూనే ఉంది. నేను ఆ కుర్చీలో కూర్చుని, రేపు పొలిక్సేని మొగుడు నాకు సంకెళ్ళు వేస్తాడు, గౌను భుజం ఇంకా సరిచెయ్యలేదు అని ఏడుస్తున్నాను.

తిరిగొచ్చి కూలబడ్డాడు. "మావాళ్ళెవరిదీ కాదు. ఎవరిదమ్మా ఇది?"

"మా అన్నయ్యది" అన్నాను.

నోట్లోంచి వచ్చేసింది. నువ్వన్నట్టే, నాకు కడుపులో మాట ఆగదు. గుంట సంగతి, ఒట్టు సంగతి, కుడిచేతి ఎముకలు రాకపోవడం, అన్నీ చెప్పేశాను. ఆయన ఊరి పేరు అడగబోయి, "వద్దు, చెప్పకు. చెప్తే నేను రాసుకోవాలి" అన్నాడు. తర్వాత మెల్లిగా, "తల్లీ, ఇది రెండువేల ఏళ్ళ నాటి చెయ్యి. మీ అన్నయ్య పోయి ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"అయిదేళ్ళు."

"మరి ఇది ఆయనదెలా అవుతుంది?"

"మరి ఆయన చెయ్యేదీ?" అన్నాను.

మీసం దువ్వుకున్నాడు. "మా అమ్మని తీసినప్పుడు కాళ్ళ ఎముకలు దొరకలేదు. ఊరంతా ఏవేవో అన్నారు. మేజోళ్ళలో ఉన్నాయి, మేజోళ్ళు ఊడదీసి పారేశాం ముందే. మీ అన్నయ్య ఒంటిమీద ఏముంది?" అన్నాడు.

వదినా, కోటు! మా ఆయన కోటు. కుడిచేతి మడత నేను రెండు వరసలు కుట్టాను, ఎడమవైపుకి వచ్చేసరికి దారం చాలక ఒక్క వరసే. ఆ కోటు ఏది? వసీలో తగలబెట్టేసిందా? వెంటనే చూడు. ఈ ఉత్తరం చదవడం ఆపి పోయి చూడు.

రాతి చేతిని ఆయన వెనక గదిలో పెట్టాడు. అక్కడ బల్లనిండా చేతులే. "మనుషులు బయట, వాళ్ళ చేతులు ఇక్కడ. మాకు జత కుదరదు" అన్నాడు. ఎవరో గుమ్మం దగ్గర వదిలేసి పోయారని మ్యూజియం అధికారికి చెప్తాడట. ఆ అధికారి నమ్ముతాడో, పోలీసుల్ని పిలుస్తాడో నాకు తెలీదు. వీధిలో బూట్ల చప్పుడైతే కుర్చీలోంచి లేచి నిలబడుతున్నాను.

కానీ ఒకటి చెప్తున్నాను. వాళ్ళు నీ దగ్గరికి మళ్ళీ వస్తే, నాకేమీ తెలీదు, మా ఆడపడుచుకి తెలుసు అను. నేను సువార్త మీద కుడిచెయ్యి పెట్టి, అది నాకు ఏటి ఒడ్డున దొరికింది, మా వదినకి దీంతో సంబంధం లేదు అని ఒట్టేస్తాను. అన్నయ్య నాకోసం వేశాడు, నేను నీకోసం వేస్తాను. నా చెయ్యి మట్టిలో కలవకపోతే కలవకపోనీ.

నీ
గరుఫల్యా

మంగళవారం. లంబిస్ ఇంకా బయల్దేరలేదు, అందుకని ఇది రాస్తున్నాను. కోస్మాస్ ప్యాంటు అంచు కుట్టించుకోడానికని వచ్చాడు. ప్యాంటు అంచు బాగానే ఉంది. వాళ్ళ అధికారి చెయ్యి చూసి, ఎక్కడిదో తెలియదని రాసి, అరలో పెట్టేశారట. ఎవర్నీ పిలవలేదు. కాఫీ తాగించి పంపాను.


పెత్రోవూని
24 మే

గరుఫల్యా, నా బంగారుతల్లీ,

పోలీసులు మన కోసం రాలేదు. పై అధికారి ఎవరో ఈ దారిన పోతాడట, రోడ్డు మీదికి కనపడే గోడలన్నిటికీ సున్నం కొట్టించాలట. ఎంత సున్నం పడుతుందో చూసుకోడానికి కొలిచారు. నేను నిన్ను అన్నన్ని మాటలన్నాను. నా నోరు పడిపోను.

నీ ఉత్తరం లంబిస్ ఇవాళ తెచ్చాడు, ఈసారి తాగలేదు. గోడవార చెత్తంతా పోగేసి తగలబెట్టమని సార్జెంటు వసీలోకి పురమాయించి పోయాడు. "ఆ కోటు ఏది?" అనే మాట చదవగానే, కాగితం చేతిలో పట్టుకునే పరుగెత్తాను, కాళ్ళకి చెప్పులు లేవు. నేను వెళ్ళేసరికి గోడ అవతల పొగ లేస్తోంది. ఈ వయసులో గోడ ఎక్కి దూకాను. వసీలో కర్రతో ఆకులు ఎగదోస్తోంది. కోటు మంటకి ఒక పక్కన ఉంది, దాని అంచు రాజుకుంటోంది. చేత్తో లాగేశాను. వేళ్ళు కాలాయి, ఏం పర్లేదు, వెన్న రాశాను.

అక్కడే మట్టిలో కూర్చున్నాం ఇద్దరం. కోటు కుడిచెయ్యి పట్టుకుని నొక్కితే మడతలో ఏదో గలగలమంది, గింజల్లా. వసీలో కొడవలి ఇచ్చింది. నీ కుట్టు తెగలేదే! గుడ్డ పోయింది గాని దారం పోలేదు, రెండు వరసలూ అలాగే ఉన్నాయి. నేనే ఒక్కొక్క పోగూ కోసి తెరిచాను.

అన్నీ ఉన్నాయి. వేలి ముక్క ఒక్కటి కూడా పోలేదు. రాయి కాదు, నలుపు కాదు, తేనెమైనంలా పచ్చగా, తలకన్నా పచ్చగా ఉన్నాయి. వసీలో ఏడ్చింది. "ఆ ఒట్టు దేవుడు లెక్కలో వెయ్యలేదే" అంది. దానికి ఇక గుడ్లు ఇవ్వక్కర్లేదు. అయినా ఇస్తాను.

ఇన్నేళ్ళు ఆ చెయ్యి నీ దగ్గర్నించి నేను తీసేసుకోవాలని చూశాను. నావాడు నాకోసమే అన్నట్టు. ఆయనకి తెలుసు, ఏం చేస్తున్నాడో. ఆ రోజు గుళ్ళోంచి ఇంటికొచ్చి, చెయ్యి కడుక్కోకుండానే రొట్టె తుంచి తిన్నాడు. నాకు ఇప్పుడు గుర్తొస్తోంది.

నువ్వు మాత్రం ఎవరి మీదా ఏ ఒట్టూ వెయ్యకు. ఈ ఇంటికి ఒకటి చాలు.

వచ్చే శనివారం ఆత్మల శనివారం. పోయినవాళ్ళ పేరున పంచడానికి గోధుమలు నానబోస్తాను, పెట్టెని ఎముకల గదికి చేరుద్దాం. శుక్రవారం బస్సుకి రా. ఆ సార్జెంటు పెళ్ళానికి గౌను వంకర భుజంతోనే ఇచ్చెయ్. చెయ్యి సారాతో కడిగి తెల్ల రుమాల్లో చుట్టి పక్కన పెట్టాను. అది నేను పెట్టను, నువ్వే పెట్టాలి. నువ్వొచ్చేదాకా పెట్టె మూత వెయ్యను.

నీ వదిన
స్తమాతా